విన్నవాళ్ళ వేలిముద్ర

ఇందాక మా మనవరాలి మీద గట్టిగా అరిచాను. నేనలా అరవగలనని దానికి అంతవరకూ తెలియదు, నాకూ తెలియదు.

దాని తప్పేమీ లేదు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవులకి నా దగ్గరికి వచ్చింది. సెలవుల్లో ఏదో ఒక పుస్తకం పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నారట బడిలో. నా ఫోన్ తీసుకుంది. కాసేపటికి, "నానమ్మా, నీ ఫోన్ నిండిపోయింది. పాత ఆడియోలు బోలెడున్నాయి, తీసేస్తున్నా," అంది. "తియ్యకు! వేలు పెట్టావంటే ఊరుకోను!" అన్నాను. పిల్ల బిత్తరపోయింది. తీరా చూస్తే అందులో ఉన్నవేమిటి? రేపు గుడిలో స్త్రీల ప్రార్థన కూటం ఉందని ఒకటి, కొబ్బరి దింపే మనిషి శుక్రవారం వస్తానని ఇంకొకటి. నాకే సిగ్గేసింది. అది మొహం ముడుచుకుని తన ఫోన్‌తోనే పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కొంచెంసేపటికి లోపలినుంచి ఒంటరిగా చదువుతున్న గొంతు వినపడింది. ఆ వయసులో నేను కూడా అలాగే చదివాను, మనిషన్నవాడు ఎదురుగా లేకుండా.

మా ఊరు రాజోలు వైపు, కాలవ గట్టు మీద. తొమ్మిదో తరగతి ఆఖరి రోజుల్లో మా తెలుగు మాస్టారు పుస్తకాల బీరువా తాళం తీసేవారు. ఏడాది పొడుగునా మూసి ఉన్న బీరువా తెరిస్తే కలరా ఉండల వాసనా, చిమ్మట్లు తిన్న కాగితం వాసనా కలిసి గుప్పున కొట్టేవి. మనిషికొక పుస్తకం చేతిలో పెట్టి, పంచె అంచుతో చేతులు తుడుచుకుంటూ ఒక షరతు చెప్పేవారు. ఆ షరతు వల్లనే మా బళ్ళో ఆయన పేరు చెబితే సగంమంది నవ్వేవారు, సగంమంది భయపడేవారు.

"మీరు చదువుకోడం కాదర్రా. ఇంట్లో చదువు రానివాళ్ళకి చదివి వినిపించాలి. విన్నాక వాళ్ళేమన్నారో అది నోటుబుక్కులో రాయాలి. వాళ్ళ మాట వాళ్ళ మాటలాగే ఉండాలి. మీరు దిద్దేరో, వీపు చీరేస్తాను. కింద విన్నవాళ్ళ వేలిముద్ర ఉండాలి."

"మరి మా అభిప్రాయం రాయక్కర్లేదాండీ?" అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు.

"మీకింకా అభిప్రాయాలొచ్చే వయసు రాలేదు. వచ్చేక నన్నడక్కుండానే రాస్తారు."

"మా ఇంట్లో అందరికీ చదువొచ్చండి మాస్టారండీ," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

"అయితే పక్కింటికి పో. అక్కడా వస్తే ఆ పక్కింటికి పో. చదువు రాని మనిషి దొరక్కపోతే ఆ కబురు నాకు చెప్పు, ఊరంతటికీ బెల్లం పంచుతాను."

"ఆయ్," అన్నాం అందరం.

నాకు దొరికింది అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం. నలభై పేజీలు కూడా లేవు. పేరేమిటో, ఎవరు రాశారో అట్టతో పాటే పోయింది. సంతలో తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ ఊరూరా తిరిగే ఒక బండివాడి కథ. ఇంటికి వెళ్ళేలోపు దారిలోనే సగం చదివేశాను. చదవడం కష్టం కాదు. వినేవాళ్ళని ఎక్కడినుంచి తేవాలన్నదే కష్టం.

ఎందుకంటే మా ఇంట్లో ఇద్దరమే, నేనూ మా అమ్మమ్మా. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. అమ్మ కువైట్ వెళ్ళి అప్పటికి ఏడాదిన్నర. అక్కడ ఒకరింట్లో వంట చేసి పిల్లల్ని చూసే పని. మా పేటలో అప్పుడప్పుడే ఆడవాళ్ళు అలా వెళ్ళడం మొదలైంది. అమ్మ వెళ్ళినప్పటినుంచీ ఎవరింటికి వెళ్ళినా నా తల నిమిరి "పాపం" అనేవారు. ఆ మాట నాకు పడేది కాదు. జాలి పడ్డవాళ్ళింట్లో కూర్చుని కథ చదవడమంటే ముష్టి అడిగినట్టుండేది. అందుకే పక్కింటికి పోలేదు.

ఆ ఎండాకాలం మా ఊళ్ళో ఎవరూ లేనట్టే ఉండేది. ఏటా లాగే కాలవ కట్టేశారు. అడుగున బురద తేలి, మడుగుల్లో మిగిలిన నీళ్ళలో పిల్లలు చేపల కోసం తడుముతుంటే కుళ్ళిన నాచు వాసన ఇంట్లోకి వచ్చేది. నా స్నేహితురాళ్ళు ఒకతె మలికిపురం, ఒకతె ఆలమూరు మేనమామలిళ్ళకి వెళ్ళిపోయారు. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ, మాగిన ఆవకాయ. మధ్యాహ్నం ఎండు చేపల పులుసు. సాయంత్రం ఎవరైనా తెచ్చిస్తే ముంజలు. తిండికి లోటు లేదు. తింటూ మాట్లాడేందుకే ఎవరూ లేరు. అమ్మమ్మ పొదుపు ఒక్క ఉప్పూ పప్పూ దగ్గరే కాదు, మాట దగ్గర కూడా.

అమ్మమ్మ పగలంతా పెరట్లో కొబ్బరిచెట్టు నీడన కూర్చుని, కొబ్బరాకు చీరి ఈనెలు తీసి, చాకుతో సర్రు సర్రున గీసి చీపుళ్ళు కట్టేది. నేను పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే చాకు ఎత్తి పక్కకి చూపించింది.

"అటెళ్ళి చదువుకో. ఎవరో కూర్చుని కట్టిన కథలు నాకెందుకే? నాకు దేవుడి పుస్తకం చాలు."

"బడిలో చెప్పేరమ్మమ్మా. నువ్వు వినకపోయినా పర్లేదు, వేలిముద్ర వేసెయ్యి చాలు."

చాకు ఆపి నావైపు చూసింది. "విననిది విన్నానని ముద్ర వేస్తే దాన్నేమంటారే? అబద్ధ సాక్ష్యం అంటారు. ఆదివారం ఆదివారం నీ పక్కన కూర్చుని నేను వినే వాక్యం నీ చెవికి ఎక్కట్లేదా ఏంటి?"

రెండు రోజులాగి ఇంకో ఉపాయం చేశాను. మధ్యాహ్నం భోజనం చేసి అమ్మమ్మ గుమ్మం దగ్గర చాప వేసుకుని గురక పెడుతుంటే, ఇంకుబుడ్డీ నోటుబుక్కూ పట్టుకుని పిల్లిలా వెళ్ళాను. బొటనవేలికి ఇంకు రాశాను. కాగితం దగ్గరికి తెచ్చేసరికి ఆ చెయ్యి లేచి నా చెంప మీద ఛెళ్ళుమంది. నా బుగ్గ మీద మాత్రం అమ్మమ్మ వేలిముద్ర చక్కగా పడింది.

"నిద్రలో సాక్ష్యం చెప్పిస్తావంటే దొంగముఖమా!" అంది. తరవాత నా బుగ్గ చూసి నవ్వాపుకోలేక అటు తిరిగి పడుకుంది. ఆ వేసవిలో అమ్మమ్మ నవ్వగా చూసింది అదొక్కసారే.

అప్పుడు నాకు టేప్‌రికార్డరు గుర్తొచ్చింది.

అంతకుముందు క్రిస్మస్‌కి కువైట్‌నుంచి ఊరొచ్చిన ఎదురింటి పిన్ని చేత అమ్మ పంపించింది దాన్ని. దానితోపాటు ఒక క్యాసెట్టు. అందులో అమ్మ గొంతు. గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో అప్పుడదే ఆనవాయితీ. అక్షరం రానివాళ్ళకి అదే ఉత్తరం. అక్కడినుంచి మాటలు నింపి పంపితే, ఇక్కడివాళ్ళు విని, వాటిమీదే తమ మాటలు నింపి వెనక్కి పంపాలి. ఇంటికి ఒకటే క్యాసెట్టు, పాలచెంబులా నిండుగా వచ్చి నిండుగా వెళ్ళాలి. కొత్తది కొనడమన్న మాట అమ్మమ్మ దగ్గర పుట్టదు. ఎదురింటి పిన్ని ఆర్నెల్ల సెలవు అయిపోయి కాలవకి నీళ్ళు వదిలే వారంలో తిరిగి వెళ్తుంది. ఆవిడ చేత క్యాసెట్టు పంపాలి. అమ్మకి చదువు రాదు. అమ్మకి చదివి వినిపిస్తే? అమ్మ వేలిముద్ర వేసి పంపితే? మాస్టారు చదువు రాని మనిషి అన్నారు గానీ, ఆ మనిషి ఊళ్ళో ఉండాలనలేదు కదా.

ప్లగ్గు పెట్టేందుకు చోటు నడిమింట్లోనే ఉంది, పెరటి గుమ్మానికి పక్కనే. అక్కడ కూర్చుని, ఎర్ర బొత్తాన్నీ పక్క బొత్తాన్నీ ఒక్కసారే నొక్కి చదవడం మొదలుపెట్టాను. గుమ్మం బయట సర్రు సర్రున చాకు చప్పుడు.

"అమ్మమ్మా, చప్పుడు చెయ్యకు, ఇందులోకెళ్ళిపోద్ది!"

"నీ కథ కోసం నా పని మానుకోనా? నువ్వే మెల్లిగా చదువుకో."

ముందు ఖాళీగా ఉన్న రెండో వైపు నింపాను. అర్ధగంటకి టక్కుమని బొత్తాలు లేచిపోయాయి. చూస్తే కథ సగమే అయింది. ఎద్దు ఇంకా దొరకలేదు. మిగతాది చదవాలంటే క్యాసెట్టు తిప్పాలి. తిప్పితే అటువైపు అమ్మ ఉంది.

రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. అమ్మ మాటలు నాకు మొత్తం నోటికి వచ్చు. మొదట, "అందరికీ వందనాలు," అని కూటంలో సాక్ష్యం చెప్పేదానిలా మొదలుపెడుతుంది. ఆ తరవాత, "బంగారం, బాగున్నావా? నేను బాగున్నాను. ఇక్కడంతా బాగుంది. తిండి బాగుంది. ఇంటావిడ బాగా చూస్తది," అంటుంది. జడ బిగించి వేసుకోమంటుంది, అమ్మమ్మకి ఎదురు చెప్పొద్దంటుంది. ఇంతలో వెనకనుంచి ఒక చంటిపిల్ల ఏడుపు. అమ్మ మాట సగంలో ఆపి, "వస్తన్నా బంగారం, ఏడవకు, వస్తన్నా," అంటూ వెళ్ళిపోతుంది. తరవాత చాలాసేపు ఉత్త గరగర. తిరిగొచ్చి, "మరి ఉంటాను," అని రెండే మాటలు.

ఆ గరగర కూడా రోజూ పూర్తిగా వినేదాన్ని. మళ్ళీ అమ్మ వచ్చేదాకా లెక్క పెట్టుకుంటూ కూర్చునేదాన్ని. నన్ను పిలిచే పేరుతోనే ఆ పిల్లని పిలిచింది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మూడో రోజు క్యాసెట్టు తిప్పి ఎర్ర బొత్తం నొక్కింది ఒక్క బడి పని కోసమే కాదు. కోపం కూడా ఉంది. నొక్కాక నిజంగా చెరిగిపోతుందని తెలుసు. తెలిసే నొక్కాను. బండివాడు ఊరి పొలిమేర దాటిన చోటునుంచి గొంతు చించుకుని చదివాను. కథ పూర్తయ్యాక, "అమ్మా, విన్నావా? నీ మాటల్లో ఎలా ఉందో చెప్పి మళ్ళీ పంపు. కాగితం మీద వేలిముద్ర వెయ్యి. మర్చిపోకు," అని చెప్పి ఆపాను.

ఆపగానే ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అమ్మ గొంతు ఇంక ఇంట్లో లేదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. అమ్మమ్మ ఎందుకని అడగలేదు, కంచంలో ఇంకో ఆవకాయ బద్ద వేసింది.

ఆవకాయ జాడీ, ఎండు చేపల పొట్లం, రుమాల్లో చుట్టిన క్యాసెట్టు ఎదురింటి పిన్ని పెట్టెలోకి వెళ్ళాయి. "అమ్మకి నా చేత్తో ఇస్తానే. వేలిముద్ర సంగతి కూడా చెప్తాను," అంది పిన్ని. ఆ వారంలోనే కాలవకి నీళ్ళు వదిలారు. ఎర్రటి కొత్త నీళ్ళు చెత్తంతా తోసుకుంటూ వచ్చాయి. ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది, నేను తప్ప.

బడి తెరిచేందుకు ఇంకొక్క రోజుంది. కువైట్‌నుంచి అంతలో ముద్ర రావడం కలలో మాట. నోటుబుక్కు తెల్లగా ఉంది. గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాను. అమ్మమ్మ చాకు కింద పెట్టింది.

"తే ఆ పుస్తకం. రాసుకో."

"ఏం రాసుకోను?"

"ఆ బండోడికి ఎద్దు పోయింది. సంతలో ఎవరో తోలుకుపోయేరు. ఇంటికెళ్ళకుండా అట్నుంచటే వెతుక్కుంటా పోయేడు. రేవు కాడ పడవోడు అన్నం పెడితే కళ్ళనీళ్ళెట్టుకున్నాడు. ఆఖరికి గానుగకి కట్టిన ఎద్దుని చూసి పిలిస్తే, అది ఆ గొంతు పట్టి ఆగిపోయింది. ఇదేనా?"

"నువ్వు విన్నావా?"

"చెవులు కోసుకుని అవతల పెట్టలేదు గదా. రెండు వైపులా విన్నాను." ఒళ్ళోని ఈనెలు దులుపుకుంటూ అంది, "నాకు నచ్చలేదని కూడా రాయి. ఎద్దుని వెతుక్కున్నోడి కథ రాసేరు, బానే ఉంది. ఇంటికాడ కూర్చున్నదాని సంగతేంటి? ఆ పెళ్ళాం అన్నాళ్ళూ దీపం పెట్టుకుని ఎవరితో మాట్లాడిందో ఒక్క ముక్క రాయలేదు ఆ మారాజు. అది రాయి."

రాశాను. మాస్టారు చెప్పినట్టే ఒక్క అక్షరం దిద్దకుండా రాశాను. అమ్మమ్మ బొటనవేలికి తనే ఇంకు రాసుకుని, ఊది, గట్టిగా అదిమింది. ఈనెలు గీసి గీసి ఆ వేలి గీతలన్నీ అరిగిపోయి ముద్ర నున్నగా పడింది. వినే మనిషి గుమ్మం అవతలే ఉన్నప్పుడు నేను అమ్మని చెరిపేశానన్న మాట. అది తెలిశాక ఏడుపు కూడా రాలేదు.

మాస్టారు నా నోటుబుక్కు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ అమ్మమ్మగారికి నా వందనాలు చెప్పమ్మా," అన్నారు. అంతే. నాకు మార్కు వేయలేదు.

మళ్ళీ క్రిస్మస్‌కి అమ్మ దగ్గరనుంచి ఒక పొట్లం వచ్చింది. పౌడరు డబ్బా, గౌను గుడ్డ, ఎవరి చేతనో రాయించిన నాలుగు ముక్కలు, కింద ఎర్ర ఇంకుతో వేలిముద్ర. క్యాసెట్టు రాలేదు. పొట్లమంతా దులిపి చూశాను. నేను అంతసేపు చదివితే రెండు మాటలు నింపి పంపడానికి అమ్మకి తీరిక లేకపోయిందనుకున్నాను. ఆ చంటిపిల్ల ఏడ్చి ఉంటుందనుకున్నాను. రోషం వచ్చింది. ఆ తరవాత ఏ ఉత్తరంలోనూ క్యాసెట్టు మాట ఎత్తలేదు. మూడేళ్ళకి అమ్మమ్మ పోయింది. అమ్మకి సెలవు ఇవ్వలేదు. మట్టి చేసిన రోజు ఇంటి ఆడపిల్లగా నేనొక్కదాన్నే నిలబడ్డాను.

అమ్మ తిరిగి వచ్చేసరికి నేను డిగ్రీ ఆఖరి ఏడు. జుట్టు సగం నెరిసింది, చేతుల మీద కాలిన మచ్చలు. పెట్టె విప్పి, బట్టల అడుగునుంచి రుమాలు మూట తీసింది. అదే రుమాలు.

"పాడవ్వలేదు. జాగ్రత్తగానే ఉంచేను," అంది.

పాత టేప్‌రికార్డరులో పెట్టాం. నా చిన్నప్పటి గొంతు, అరిగి, నీళ్ళలోంచి వచ్చినట్టు. దాని వెనక సర్రు సర్రున చాకు. అమ్మ వేలు పైకెత్తింది. "ఇప్పుడు చూడు, ఆపుద్ది." ఎద్దు తప్పిపోయిన చోట చాకు చప్పుడు ఆగిపోయింది. పడవవాడు అన్నం పెట్టిన చోట మళ్ళీ ఆగింది. ఎక్కడెక్కడ ఆగుతుందో అమ్మకి అంతా నోటికి వచ్చు.

"మరి నాకెందుకు పంపలేదు?" అన్నాను. ఇన్నేళ్ళ రోషమూ ఆ ఒక్క మాటలో బయటికి వచ్చింది.

"ఇంకో క్యాసెట్టు కొందామంటే నన్ను బయటికి పంపేవోరు కాదే. ఉన్నదాని మీద మాట్లాడాలంటే నువ్వు చెరిగిపోతావు. మా అమ్మ చెరిగిపోద్ది. బొత్తం మీద వేలు పెట్టేను, చాలాసార్లు పెట్టేను. చెయ్యి రాలేదు."

నేను తల వంచుకున్నాను. "నేను నీ మాటలు చెరిపేశానమ్మా."

"పోనీలే. వాటికేముంది? బాగున్నాను, బాగున్నాను అని చెప్పేను గదా. అన్నీ అబద్ధాలే." ఎసరు మరుగుతోందని లేచి వెళ్ళింది. అక్కడేం జరిగిందో ఆ తరవాత నేనడగలేదు, అమ్మా చెప్పలేదు.

అమ్మ ఆ తరవాత పదిహేనేళ్ళు నా దగ్గరే ఉంది. ఆ పదిహేనేళ్ళలో అమ్మ గొంతు ఎందులోనూ నింపలేదు. కళ్ళ ముందు తిరిగే మనిషి గొంతును ఎవరు దాచుకుంటారు? అమ్మ పోయాక ఇల్లంతా వెతికితే దొరికింది ఆ ఒక్క క్యాసెట్టే. అందులో అమ్మమ్మ చాకు ఉంది, నేనున్నాను.

పక్కగదిలో చదువు ఇంకా సాగుతోంది. వెళ్ళి తలుపు తోసి, గడప మీద కూర్చున్నాను. పిల్ల ఒకసారి నావైపు చూసి, కోపం పూర్తిగా పోకపోయినా, గొంతు కొంచెం పెంచి చదివింది. నేను వింటున్నాను. వింటూనే ఇంకొకటి వినాలనుకుంటున్నాను. మా అమ్మ చెప్పిన అబద్ధాలు. బాగున్నానని, అంతా బాగుందని, తిండి బాగుందని. వాటిని ఒక్కసారి వినాలని ఉంది.